దగ్గు ఉన్న ప్రతి

ముందు దగ్గు సంగతి చెబుతాను.
రెండో చరణానికి ముందు యంత్రం ఒక్క క్షణం ఆగుతుంది,
లోర్నా ఊపిరి తీసుకుంటుంది,
ఆ సందులో నేల కింద నుంచి ఎవరో దగ్గుతారు.
అది మా అమ్మ.

డెబ్బై తొమ్మిది, నవంబరు. హల్ ఊళ్ళో హెసల్ రోడ్డు.
చేపల ఓడలు ఒక్కొక్కటే తుక్కు కింద తూకానికి పోతున్నాయి.
మా అన్న ఆల్విన్ వాయిదాల మీద సింథసైజర్ తెచ్చాడు.
ముప్పై ఏడు మెట్లు,
రెండు చలికి పలికేవి కావు.
మేడగదిలో మేకులకు దుప్పట్లు తగిలించి
దాన్నే స్టూడియో అన్నారు.
కింద వంటింట్లో అమ్మ,
అప్పుడే పొగగూట్లో హెరింగులు వేలాడదీసి వచ్చి
ఇరవై రెండేళ్ళ రంపపుపొట్టు పొగ గొంతులో పెట్టుకుని
టీ కాచుకుంటోంది.

యంత్రం తప్పదు, తప్పేది మనుషులే.
నాలుగోసారికి మనుషులు కుదిరారు.
టేపు అయిపోయింది, డబ్బులూ అయిపోయాయి.
దగ్గు ఉండిపోయింది.

ఐదు వందల ప్రతులు.
అట్టలు నేనే మడిచాను, పిండిజిగురుతో.
పేరు రబ్బరు ముద్ర: 'ఐసు గది'.
పదమూడేళ్ళ చేతికి ముద్ర తిన్నగా పడుతుందా!
సగం అట్టల మీద గది పక్కకి ఒరిగింది.
ఒరిగినవాటికి ఇప్పుడు వేరే ధరట.

లీడ్స్‌లో ఒక కొట్టు పది తీసుకుంది,
ఆరు తిప్పి పంపింది.
ఒక అర్ధరాత్రి రేడియోలో వచ్చింది,
రెండో చరణం రాకుండానే
పెద్దమనిషి మాట్లాడేశాడు.

ఎనభై ఒకటిలో లండన్ కంపెనీ.
ఫెన్విక్ అనే ఆయన భోజనం పెట్టించి సంతకాలు పెట్టించుకున్నాడు.
డప్పు పెద్దది చేశారు,
లోర్నా గొంతు చుట్టూ గుహ కట్టారు.
దగ్గును బ్లేడుతో కోసి
ఆ చోట బెత్తెడు ఖాళీ టేపు అతికించారు.
నలభై మూడో స్థానం. మరుసటి వారం అరవై.
ఆ పైవారం పత్రికలో వెతికి వెతికి
అన్న వాతావరణం చదివాడు.

పశ్చిమ జర్మనీ అచ్చులో లోర్నా లోరెనా అయింది.
హాలండు వాళ్ళు తెల్లటి ప్లాస్టిక్కులో తీశారు.
స్పెయిన్‌లో వెనకపాట ముందుకొచ్చింది,
అక్కడ ఇప్పటికీ మేము వేరే పాట వాళ్ళం.
పన్నెండంగుళాల సాగదీత కూడా ఒకటుంది, ఏడు నిమిషాలు.
దానికి ఆ ఖాళీ బాగా నచ్చినట్టుంది,
ఎనిమిదిసార్లు వాడారు.
ఎనిమిదిసార్లూ అమ్మ అక్కడ లేదు.

తొమ్మిదోది నిజంగానే. ఎనభై ఆరు, ఫిబ్రవరి.

సీడీల కాలంలో ఎవరెవరివో ఇరవై పాటల మధ్య ఇరుక్కుంది,
శుభ్రంగా, దగ్గు లేకుండా.
ఆల్విన్ అప్పటికి బస్సు డిపోలో టికెట్ యంత్రాలు బాగుచేస్తున్నాడు.
ఘెంట్ నుంచి వాల్డెర్ అనే మనిషి ఉత్తరం రాశాడు:
'దగ్గు ఉన్న ప్రతి మీ దగ్గర మిగిలిందా?
మూడు వందల అరవై పౌండ్లు ఇస్తాను.
దగ్గు లేనిదైతే నాలుగు, అదీ అట్ట బాగుంటేనే.'

రెండు వేల పన్నెండులో కంపెనీ మళ్ళీ వేసింది,
మొదటి రూపంలో, గౌరవంగా, బరువైన ప్లాస్టిక్కులో.
అసలు టేపు దొరకలేదు. వాల్డెర్ దగ్గరి ప్రతి నుంచే తీశారు.
గీతల శబ్దం తుడిచే కంప్యూటర్
అమ్మనూ ఒక గీతే అనుకుంది.
మళ్ళీ చేత్తో వెతికి పెట్టారట.
చిన్న పుస్తకంలో చివరి పేజీలో అచ్చువేశారు:
దగ్గు — ఎవరో తెలియదు.
పేరు రాసి పంపాను, ఈనిడ్ పాష్‌బీ, అక్షరాలు విడదీసి మరీ.
తర్వాతి అచ్చులో దిద్దుతామన్నారు.
తర్వాతి అచ్చు లేదు.

అమ్మ దాన్ని విన్నది ఒక్కసారే.
పెట్టెలు ఇంటికొచ్చిన రోజు, ఏప్రాన్ విప్పకుండా, నిలబడే.
'ఎవరే ఆ దగ్గేది? పాపం,
వెచ్చగా ఏదైనా తాగించకపోయారా' అంది.
మేం ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం,
ఎవరూ చెప్పలేదు.
ధర ఎంతని అడిగింది.
తొంభై పెన్నీలు.
'రెండు జతల పొగచేపలొస్తాయి కదా' అని
టీ పెట్టడానికి వెళ్ళింది.